చెక్క బంతి అలిగింది

సెర్గీ ఒబ్రజ్త్సోవ్ పాత వీడియో ఒకటి చూశాను. 1931లో మాస్కోలో కేంద్ర బొమ్మలాట థియేటర్ మొదలుపెట్టిన మనిషి. వీడియోలో ఒట్టి చేతులు, చూపుడువేళ్లకు గుచ్చిన రెండు చెక్క బంతులు, అంతే. కళ్లు లేవు, మూతి లేదు. బంతి తల అయితే, బొటనవేలూ మధ్యవేలూ చేతులు. వెనక పాట వస్తుంటుంది గానీ బంతులు పెదవి విప్పవు (ఉంటే కదా!). అయినా ఒకటి అలిగిందనీ, ఇంకోటి బతిమాలుతోందనీ ఇట్టే తెలిసిపోతుంది. తల కాస్త వాల్చడం, ఓ క్షణం ఆగడం... కిటుకంతా అక్కడే.

మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా నోరు మూస్తే ఇంకేముంది! నాకు ఆ వాగుడే ఎక్కువిష్టం, దాచుకోను. కానీ పిల్లలతో నాటకాలు వేయించే టీచర్లూ, డైలాగులు బట్టీ పట్టించే ముందు ఈ బంతులాట ఒక్కసారి చూడండి.