చర్చి తాళంచెవి, లెక్కల పుస్తకం

ఈ పేజీలో ఎప్పుడూ చెనిక్కాయ, మల్బరీ, బోరు నీళ్ల సంగతే రాస్తుంటాను. ఈ రోజు మా చర్చి సంగతి. గుడి కమిటీలో ఉండే అన్నలకు కూడా ఇది తగుల్తుందేమో, ఓపికగా చదవండి.

మాది ముప్పై ఇండ్ల సంఘం. 19 ఏండ్లుగా తాళంచెవి, కానుకల లెక్కల పుస్తకం నా దగ్గరే ఉన్నాయి. పాస్టరయ్య నెలలో రెండు ఆదివారాలే వస్తారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది నేనే. నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. ముందున్న పెద్దాయన చనిపోతే తాళంచెవి నా చేతికొచ్చింది, అంతే.

మూడేండ్ల కింద డిగ్రీ చదివిన పిల్లోడు ఒకడు వచ్చి, "పెద్దనాయనా, ఒక ఆదివారం నేను వాక్యం చెప్తాను. లెక్కలు కూడా ఫోన్లో ఎక్కిస్తే అందరూ చూసుకుంటారు" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. నాకు మాత్రం దొంగలెక్కలు రాసినావని అన్నట్టు వినపడింది. "ముందు కుర్చీలు తుడువు, తర్వాత చూద్దాం" అన్నాను, నలుగురి ముందర. తుడిచినాడు. ఏడాది పాటు ప్రతి ఆదివారం తుడిచినాడు. తర్వాత కియాలో పని దొరికి పెనుకొండలో రూము తీసుకున్నాడు. చర్చికి రావడం మానేసినాడు. షిఫ్టు డ్యూటీ అంట అని అడిగినోళ్లకు చెప్పినాను. కారణం అది కాదని నాకు తెలుసు.

పోయిన ఏడాది ఖమ్మం దిక్కు పెండ్లికి పోయినప్పుడు డోర్నకల్లో దిగి అక్కడి పెద్ద చర్చి చూసినాను. 1939లో ప్రతిష్ఠ చేసినది. స్తంభాలు చూస్తే మన గుళ్లు గుర్తొస్తాయి, గుమ్మటాలు చూస్తే మసీదు. కట్టించినాయన బిషప్ అజరయ్య. తిరునల్వేలి దిక్కు పల్లెలో 1874లో పుట్టిన తమిళాయన. 1909లో ఇక్కడికి వచ్చి మన భాష నేర్చుకుని పని చేసినాడు. 1910లో ఎడింబరోలో పెద్ద మిషనరీ సభ జరిగితే, దొరల ముందర నిలబడి, మీరు మాకోసం ఎంతో ఇచ్చినారు, మమ్మల్ని స్నేహితులుగా చూడటం మాత్రం మిగిలిపోయింది అనే అర్థం వచ్చేటట్టు మాట్లాడినాడు. కొందరికి కోపం కూడా వచ్చిందంట. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించినారు. ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్తుడు బిషప్ కావడం అదే మొదలు.

నాకు నచ్చింది ఆ పదవి కాదు. ఆయన పట్నం చదువులోళ్ల కోసం కాచుకోలేదు. పల్లెల్లో కూలికి పోయే మాల, మాదిగ కుటుంబాల్లోనుంచే మనుషుల్ని తీసుకున్నాడు. మొగోడిని ఒక్కడినే కాదు, పెండ్లాన్ని కూడా పిలిపించి చదువు చెప్పించినాడు. వాళ్లను ఊరి పంతుళ్లుగా పంపి, ఎద్దులబండి మీద, సైకిలు మీద ఆ ఊర్లు తిరిగి చూసుకున్నాడు. ఆ రోజుల్లో వాళ్ల చేతికి పుస్తకం ఇవ్వడమంటే ఏమో మనకు తెలియంది కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. 1945 జనవరి 1న ఆయన చనిపోతే, ఆ కుర్చీలోకి వచ్చింది ఇలియట్ అనే దొర. అంతమందిని తయారు చేసినాయన తర్వాత మళ్లీ దొరే! తప్పు అజరయ్యదని అనను, బిషప్‌ను పెట్టేది ఆయన ఒక్కడి చేతిలో ఉండేది కాదు. కానీ రైల్లో తిరిగొస్తా అదే ఆలోచించినాను. ఆయన వందలమందిని పంపినాడు. నేను ఒక్క పిల్లోడికి ఒక్క ఆదివారం ఇవ్వలేకపోయినాను.

నాకు పద్నాలుగేండ్లప్పుడు మా నాయన చెనిక్కాయ ఇత్తేటప్పుడు గొర్రు నా చేతికిచ్చినాడు. మా అమ్మ జడ్డిగంలో ఇత్తనం వేస్తా ఉంది. సాళ్లు పాము పోయినట్టు పోయినాయి. నాయన పక్కనే నడిచినాడు కానీ గొర్రు లాక్కోలేదు. మొలకలు వచ్చినాక దోవన పోయే ప్రతి ఒక్కడూ నిలబడి చూసి నవ్వి పోయినాడు. పంట పీకే దాకా ఆ వంకర అందరికీ కనపడింది. నాయన మాత్రం మరుసటి ఏడు కూడా గొర్రు నాకే ఇచ్చినాడు.

పోయిన నెల లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకుని పెనుకొండకు పోయినాను. వాడు టీ తెప్పించినాడు. పుస్తకం తిరగేస్తా, "పెద్దనాయనా, 2016లో ఈ పేజీ కూడికలో 340 రూపాయలు తేడా ఉంది" అన్నాడు. ముఖం వేడెక్కింది. కూడి చూస్తే తప్పు నాదే. ఆ డబ్బు ఎట్లా పోయిందో ఇప్పుడు నాకూ తెలీదు, నా జేబులోనుంచి కట్టేసినాను. కొత్తచెరువులో రెండో తాళంచెవి చేయించి వాడికిచ్చినాను.

మొన్న ఆదివారం వాడే వాక్యం చెప్పినాడు. నైట్ డ్యూటీ చేసి, నిద్రలేకుండా వచ్చినాడు. గొంతు వణికింది. మధ్యలో అధ్యాయం నెంబరు తప్పు చెప్పినాడు. సరిచేద్దామని నేను సగం లేచినాను. ఆడోళ్ల వరసలోనుంచి మా ఇంటామె నన్నే చూస్తా ఉంది. మళ్లీ కూర్చున్నాను.