బుగ్గల అంగడిలో గాలి తుపాకి

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతర అంటే ముందు శంభులింగేశ్వరుడు, ఆ వెంటనే ఎడ్ల పందేలు. స్వయంభువుగా కొలిచే ఆ లింగం పైభాగాన చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. దర్శనం వరుస గుడి చుట్టూ తిరిగి రోడ్డెక్కుతుంది. బండ లాగే గిత్తల కోసం వచ్చిన జనం మరోవైపు. ఈ రెంటి నడుమ, రంగులరాట్నాలు, మిఠాయి అంగళ్లు దాటాక, తుపాకితో బుగ్గలు (బెలూన్లు) పగలగొట్టించే అంగళ్లు ఉంటాయి. నేను వెళ్లింది వాటి కోసం.

జనం చిక్కబడక ముందే పొద్దున్నే వెళ్తే అంగడి లోపలి పని చూడొచ్చు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి వరుసగా బుగ్గలు కడుతున్నారు. బల్ల మీద గొట్టం విరిచి ఛర్రా (చిన్న సీసపు గుండు) పెట్టే గాలి తుపాకులు. అంగడాయన ఒక తుపాకి గొట్టంలోకి తెల్ల గుడ్డ పీలికను తీగతో లాగుతున్నాడు. వెనక నుంచి దూర్చి, ముందు నుంచి బయటికి. గుడ్డ బూడిదరంగులో వచ్చింది. కొంత సీసపు మరక, కొంత దుమ్ము. మేళ్లచెరువు చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఈ నేల మీద గ్రీజు రాసిన ఏ ఇనుప వస్తువైనా దుమ్మును పట్టేసుకుంటుంది.

‘‘ఎక్కువ జోరున్న తుపాకి తెస్తే ఎక్కువ మంది రారా అన్నా?’’ అని అడిగాను.

‘‘జోరు నాకెందుకు సారూ? బుగ్గ పగలాలె, గంతే. పది మంది కొడితే పది మందికీ ఒక్కతీరుగ పోవాలె. జోరెక్కువైతే చెక్క మీద తగిలి ఛర్రా ఎనక్కొస్తది’’ అన్నాడాయన.

వినోదం కోసం తుపాకి ఎంచుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఈ ఒక్కతీరు గురించే. అంగడాయన పక్కనే నిలబడిన ఇంజినీరింగ్ విద్యార్థి ఒకతను ప్లాస్టిక్ గుండ్లు కొట్టే, కరెంటుతో నడిచే ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ గురించి అడిగాడు. వీడియోల్లో చూశాడట, కొనాలని ఉంది, సెకనుకు ఎన్ని గుండ్లు పోతాయన్నదే అతని ప్రశ్న. అడగాల్సింది అది కాదు, ప్రతి గుండూ ఒక్కతీరుగా పోతుందా అని.

లోపలి పనితీరులో ఆ రైఫిలూ, బల్ల మీది జాతర తుపాకీ దగ్గరి చుట్టాలే. సైకిల్ పంపులో లాగే సిలిండరు, అందులో పిస్టన్, దాని వెనక స్ప్రింగు. జాతర తుపాకిలో స్ప్రింగును చేతితో నొక్కి పెడతాం. ఎయిర్‌సాఫ్ట్‌లో బ్యాటరీ, మోటారు, పళ్ల చక్రాలు కలిసి ఆ పని చేస్తాయి. 1970లలో జపాన్‌లో పుట్టిన ఎయిర్‌సాఫ్ట్ ఆటను 1991లో టోక్యో మరుయి సంస్థ తెచ్చిన విద్యుత్ రైఫిల్ మార్చేసింది. అప్పటిదాకా గ్యాస్ మీద ఆధారపడినవాళ్లు బ్యాటరీ వైపు మళ్లారు.

తేడా శక్తిలో ఉంది. ఎయిర్‌సాఫ్ట్‌లో మామూలుగా వాడే ప్లాస్టిక్ గుండు 6 మిల్లీమీటర్లు, 0.20 గ్రాములు. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి సరిగ్గా 1 జౌలు. జపాన్ చట్టం అంతకు కాస్త తక్కువ దగ్గరే గీత గీసింది. బ్రిటన్‌లో వరుసగా పేలే వాటికి 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా పేలే వాటికి 2.5 జౌళ్లు హద్దు. జాతర తుపాకిలో అరగ్రాము సీసపు ఛర్రా 160 మీటర్ల వేగంతో పోతే 6 జౌళ్లు దాటుతుంది. అందుకే మొదటిది మనుషులు కళ్లద్దాలు, ముఖకవచం పెట్టుకుని ఒకరినొకరు కొట్టుకునే ఆటైంది. రెండోదాన్ని ఎన్నటికీ మనిషి వైపు తిప్పకూడదు. ఆ విద్యార్థికి ఈ లెక్క చెప్తే కాసేపు మాట్లాడలేదు.

కొనేవాళ్లు చట్టం సంగతీ చూసుకోవాలి. మన 2016 ఆయుధ నియమాలు 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల శక్తి దాటని గాలి తుపాకులకు లైసెన్సు నుంచి వెసులుబాటు ఇచ్చాయి. ఎయిర్‌సాఫ్ట్ గొట్టం 6 మిల్లీమీటర్ల పైమాటే. పైగా చూపుకు అసలు తుపాకిలా ఉంటుంది. కాబట్టి విదేశీ వెబ్‌సైటులో ఆర్డరు పెట్టే ముందు కాగితాలేమి కావాలో పోలీసు అధికారులను అడగడం తప్పనిసరి. దాన్ని భుజాన వేసుకుని ఊళ్లో తిరగడం అసలే వద్దు.

ఇక ఎంపిక. కొత్తవాళ్లకు లోహపు గేర్‌బాక్సు, తేలిగ్గా దొరికే విడిభాగాలు, 7.4 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ చాలు. 11.1 వోల్టులు పెడితే సెకనుకు పోయే గుండ్లు పెరుగుతాయి, పిస్టన్ పళ్లు అరిగే వేగమూ పెరుగుతుంది. గుండ్లు నునుపుగా, అతుకు గీత లేకుండా ఉండాలి. నేల మీద పడినవి ఏరి మళ్లీ నింపితే ఇసుకరేణువులు గొట్టాన్ని గీరేస్తాయి. గొట్టం మొదట్లో ఉండే చిన్న రబ్బరు ముక్క గుండుకు వెనక్కి తిరిగే సుడినిస్తుంది. గుండు ఎంత దూరం తిన్నగా పోతుందో అదే తేలుస్తుంది. మూడు వేల రూపాయల టెలిస్కోపు బిగించే ముందు ఆ రబ్బరు మంచిది వేసుకోవడం నయం.

నిర్వహణ దగ్గర అంగడాయన అనుభవం, ఎయిర్‌సాఫ్ట్ మెకానిక్కుల పాఠం ఒక్కటే: నూనె తక్కువ, శుభ్రం ఎక్కువ. కుట్టుమిషను నూనె సిలిండరులో పడితే, పిస్టన్ దూసుకొచ్చినప్పుడు పుట్టే వేడికి అది డీజిల్ ఇంజిన్‌లో లాగా అంటుకుంటుంది. పెద్ద శబ్దం, పొగ, ఆ తర్వాత చీలిపోయిన వాషరు. ‘‘కొత్తల నాకు గిట్లనే అయింది. తుపాకి బాంబు లెక్క మోగింది’’ అన్నాడాయన. ఇప్పుడు వాషరుకు సిలికాన్ నూనె ఒక్క చుక్క, స్ప్రింగుకు పల్చగా గ్రీజు. ఛర్రా లేకుండా ట్రిగ్గరు నొక్కనివ్వడు. గాలికి ఎదురు లేక పిస్టన్ నేరుగా సిలిండరు ముందు గోడకు కొట్టుకుంటుంది. రాత్రి అంగడి మూసేటప్పుడు ఏ తుపాకీ స్ప్రింగు నొక్కి ఉండదు.

విద్యుత్ రైఫిల్‌నూ స్ప్రింగు నొక్కి ఉంచి దాచకూడదు. ఆట ముగిశాక మ్యాగజైను తీసి, మీటను ఒక్కొక్కటిగా పేలే చోట పెట్టి ఖాళీ దిశలో ఒకటి పేలిస్తే స్ప్రింగు సడలుతుంది. తర్వాత బ్యాటరీ తీసెయ్యాలి. ఒక్కో సెల్లు 3 వోల్టుల కంటే కిందికి దిగకూడదు. దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, ఉబ్బినదాన్ని మళ్లీ చార్జింగు పెట్టకూడదు. మన ఎండల్లో కారు డిక్కీలో వదిలేసిన బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఈ అంగళ్లను చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. జాతరలోనూ, ఒలింపిక్స్‌లోనూ ఆట గాలి తుపాకితోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్లకే, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయింది. పుట్టుకతో వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు. మేళ్లచెరువు జాతరలో తుపాకి బరువుకు చేతులు వణుకుతున్నా ఊపిరి బిగబట్టి వరుసగా బుగ్గలు పగలగొట్టిన ఒక పిల్లను చూశాను. వాళ్ల నాయన ‘‘చాలు బిడ్డా, పా’’ అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి షూటింగ్ రేంజి ఆ ఇంటికి మరీ దూరం. కోదాడలోనో సూర్యాపేటలోనో ఒక పాఠశాలలో పది మీటర్ల గది, రెండు రైఫిళ్లు, ఒక శిక్షకుడు ఉంటే ఆ పిల్ల సంగతి వేరే ఉండేది.

ఆ గది వచ్చేలోగా చేయగలిగింది ఒకటుంది: కళ్లకు భద్రత. ఆ రోజు నేను చూసిన అంగళ్లలో కొట్టేవాళ్లెవరికీ కళ్లద్దాలు లేవు. బుగ్గల వెనక వదులుగా వేలాడే మందపాటి గుడ్డ ఉంటే ఛర్రా దానిలో వేగం పోగొట్టుకుని కింద పడుతుంది. గట్టి చెక్క ఉంటే వెనక్కి వస్తుంది. పాలికార్బనేట్ కళ్లద్దాలు వెల్డింగు సామాన్ల దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతాయి. జాతరలో అంగడికి స్థలం కేటాయించేటప్పుడే ఉత్సవ కమిటీ, గ్రామ పంచాయతీ వెనక గుడ్డ, కళ్లద్దాలు రెండూ షరతుగా పెట్టవచ్చు. అంగడాయనను అడిగితే అభ్యంతరం లేదన్నాడు: ‘‘అందరికీ పెట్టమంటే పెడ్త సారూ. నేనొక్కన్నే పెడితే పోరగాళ్లు పక్క అంగడికి పోతరు.’’