చూడని సముద్రం

కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట ఈత నేర్చినవాడతడు. ద్వీపమైన సింగపూరులో రెండేళ్లుగా ఉంటున్నా ఉప్పునీటిలో కాలు పెట్టలేదు. నిర్మాణపు పని, కార్మికుల వసతిగృహం, ఆదివారం నాటి లిటిల్ ఇండియా: అతడెరిగిన దేశమంతా ఇంతే. "అక్కడి సముద్రం ఎలాగుంటాదిరా?" అని తల్లి అడిగినప్పుడు, "మనదానిలాగే ఉంటాదమ్మా" అని చూడకుండానే చెప్పాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సెరంగూన్ రోడ్డులో ఇంటికి డబ్బు పంపి, టెక్కా సెంటర్ ఎదుట స్నేహితుల కోసం నిలబడి ఉండగా ఆ అబద్ధం గుర్తుకొచ్చింది. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు.

ఈస్ట్ కోస్ట్ పార్క్ తీరం సహజమైనది కాదు. 1960ల నుంచి సముద్రాన్ని పూడ్చి తీర్చినది. దూరాన లంగరు వేసిన ఓడలు బారులుగా కనిపించాయి. నీళ్లలోకి దిగి, అలవాటు చొప్పున పెద్ద కెరటం కోసం భుజాలు బిగించాడు. అది రాలేదు. చిన్న అలలు మోకాళ్లను తాకి వెళ్లాయి. కాసేపటికి వెల్లకిలా తేలుతూ, చాలా రోజుల తరువాత ఒంటరిగా ఆకాశాన్ని చూశాడు.

సాయంత్రం దగ్గరలోని లగూన్ ఫుడ్ విలేజ్‌లో, బొగ్గులపై కాల్చిన సాటే పుల్లలను వేరుశనగ ముద్దలో అద్దుకుని తిన్నాడు. పల్లీ పచ్చడికి తీపి కలిపినట్టుంది. తింటూనే ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడి సముద్రం మనదానిలాగ లేదు. కెరటమే లేదు."

"మరి అలాగే ఉంటాదన్నావు?"

"అప్పటికి చూడలేదమ్మా."