మడత విప్పని చీర

2025లో ఆషాఢం జూన్ 26న వచ్చింది. ఆ రోజు గురువారం. నేను సెలవు పెట్టి తెనాలిలో అమ్మ దగ్గరున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ బీరువా తెరిచి, "ఆ పైఅరలో అట్టపెట్టె ఉంటుంది, కాస్త దించు తల్లీ" అంది.

పెట్టెలో ధర్మవరం పట్టుచీర. వేపాకు రంగు, అంచు నిండా మామిడి పిందెలు. పదేళ్ల కిందట ఇలాంటి ఆషాఢంలోనే, సగం ధరకు వస్తోందని విజయవాడలో కొంది. పెద్ద పెళ్లికి కట్టుకుంటానని దాచింది. ఆ తర్వాత మా ఇళ్లల్లో పెళ్లిళ్లు చాలానే జరిగాయి. ప్రతిసారీ ఇంకో చీరే కట్టింది.

మంచం మీద పెట్టి మడత విప్పుతుంటే సన్నగా చప్పుడైంది. మడత పడ్డ గీత వెంట పట్టు చిట్లిపోయింది. మిగతా పట్టుచీరలకు అమ్మ ఏడాదికోసారి మడత మార్చి పెడుతుంది. ఇది పెట్టెలో ఉండిపోవడంతో దీని సంగతే మరిచిపోయింది. ఆ చీలిక మీద వేలితో రాస్తూ చాలాసేపు మాట్లాడలేదు. "కట్టి చించుకున్నా బాగుండేది. కట్టుకున్నానన్న తృప్తన్నా మిగిలేది" అంది చివరికి.

ఆ రాత్రి పదిన్నరకు ల్యాప్‌టాప్ తెరిచాను. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో వేసవి సేల్ కూడా సరిగ్గా ఆ రోజే, మన టైములో ఆ వేళకే మొదలైంది. చిన్నప్పటి నుంచీ నాకు ఆటలంటే ప్రాణం. నెలల తరబడి విష్‌లిస్టులో దాచుకున్న ఆటల పక్కన ఆకుపచ్చ రంగులో 60 శాతం, 75 శాతం, 85 శాతం అని తగ్గింపులు వెలుగుతున్నాయి. పది నిమిషాల్లో తొమ్మిది ఆటలు కార్టులో చేరాయి. మొత్తం ₹4,260. డబ్బు కట్టే బటన్ మీదికి వేలు వెళ్లింది. పగలు విన్న ఆ సన్నటి చప్పుడు మళ్లీ చెవిలో వినపడింది. వేలు వెనక్కి తీసుకున్నాను.

కార్టు అలాగే వదిలేసి నా లైబ్రరీ తెరిచి మొదటిసారి లెక్కపెట్టాను. ఎనిమిదేళ్లలో కొన్నవి 163. అందులో 97 ఆటలను ఒక్కసారి కూడా తెరవలేదు. ఇంకో 40 ఆటలు గంట లోపే వదిలేశాను. నేను నిజంగా ఆడానని చెప్పుకోగలిగినవి 26. తెరవనివేమీ చిన్నాచితకా ఆటలు కావు. లోకమంతా మెచ్చుకున్న 'ది విచర్ 3' ఉంది. ఒక నవల చదివినట్టుంటుందని చెప్పుకునే 'డిస్కో ఎలిసియం' ఉంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి కట్టిన 'హాలో నైట్' ఉంది. 150 జీబీ జాగా అడిగే 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ఉంది. ఒక్కొక్కటీ వందల మంది చేతుల మీదుగానో, కొందరి ఏళ్ల తరబడి కష్టంతోనో తయారైంది. అవన్నీ నా దగ్గర అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

ఇది నా ఒక్కదాని అలవాటు కాదని నాకు తెలుసు. అయితే కొనడంలో ఎలా ఉన్నా ఆడడంలో జనం వేరుగా ఉన్నారు. 2024 చివర్లో స్టీమ్ ప్రకటించిన లెక్కల్లో ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. ఆడినవాళ్లందర్నీ వాళ్లు ఆడిన ఆటల సంఖ్య ప్రకారం వరసగా నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఆ ఏడాది మొత్తంలో ఆడినవి నాలుగు ఆటలు. ఆ ఏడాది కొత్తగా విడుదలైన ఆటలు 18 వేలకు పైనే. అయినా జనం ఆడిన సమయంలో ఆ ఏడాది కొత్త ఆటలకు దక్కింది 15 శాతం. మూడో వంతు కంటే ఎక్కువ సమయం ఎనిమిదేళ్లో, అంతకు మించో వయసున్న ఆటలకే వెళ్లింది. అంటే చాలామంది తమకు నచ్చిన కొన్ని ఆటలకే మళ్లీ మళ్లీ తిరిగొస్తున్నారు. వినాయకుడి గుడికి రోజూ వెళ్లే మనిషి కొత్త గుడి కోసం వెతుక్కోడు. నేను మాత్రం అన్ని గుళ్లకూ టికెట్లు కొని ఏ గుళ్లోనూ కూర్చోలేదు.

సేల్ ఎలా నడుస్తుందో కూడా ఆ రాత్రి శ్రద్ధగా ఆలోచించాను. ఆషాఢంలో శుభకార్యాలుండవు కాబట్టి బట్టల కొట్లు పాత సరుకు తగ్గించి అమ్ముతాయి. శ్రావణానికి కొత్త సరుకు రావాలంటే అరలు ఖాళీ కావాలి. ఆటకు అర అన్నదే లేదు. చీర అమ్మితే కొట్లో ఒక చీర తగ్గుతుంది. ఆట లక్షమందికి అమ్మినా కొట్లో ఏమీ తగ్గదు. అందుకే అది మూడో ఏటికి సగానికి, ఆరో ఏటికి పావుకు దిగగలదు. వేసవిలో పోతే చలికాలంలో మళ్లీ అదే ధరకు వస్తుంది. ఒకప్పుడు స్టీమ్‌లో కొన్ని గంటలే ఉండే మెరుపు తగ్గింపులు ఉండేవి. 2015 చివర్లో అవి పోయాయి. అప్పటి నుంచి సేల్ మొదటి రోజు ఏ ధర ఉంటుందో ఆఖరి రోజూ సాధారణంగా అదే ధర. తొందరపడాల్సిన పనే లేదు. ఆ తొందరంతా నా లోపలిదే. రాత్రి పదిన్నరకు కొనబోయిన తొమ్మిది ఆటల్లో ఒక్కటీ ఆ రాత్రి ఆడేదాన్ని కాదు.

ఆడిన 26 ఆటల్ని గంటల లెక్కన వరస పెట్టి చూశాను. అన్నిటికంటే పైన 'ఫ్యాక్టోరియో', 212 గంటలు. ప్రాగ్ నగరంలో ఒక చిన్న బృందం చేసిన ఆట అది. దాన్ని తగ్గింపుకు అమ్మబోమని వాళ్లు మొదటి నుంచీ చెబుతున్నారు, మాట మీద నిలబడ్డారు కూడా. 2023 జనవరిలో ధర తగ్గించకపోగా 30 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచారు. నా లైబ్రరీలో పూర్తి ధర పెట్టి కొన్న ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి. 2021లో ముందు ఉచిత డెమో ఆడి, వారం ఆలోచించి కొన్నాను. రెండు ఇనప రేకులతో ఒక పళ్ల చక్రం, ఆ చక్రానికి ఒక రాగి రేకు కలిపితే ఒక ఎర్ర సీసా. ఆ సీసాలు ఆగకుండా బెల్టు మీద నడిచేట్టు చేయడానికి మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రి బెల్టు నిండా ఎర్ర సీసాలు వరసగా కదులుతుంటే, లేచి వంటింట్లోకెళ్లి టీ పెట్టుకుని వచ్చి, ఏమీ చేయకుండా వాటినే చూస్తూ కూర్చున్నాను. ముందే ఆలోచించి కొన్నాను కాబట్టి దానికోసం నా రోజుల్లో ముందే చోటు పెట్టుకున్నాను. ధర తక్కువని కొన్నవాటికి ఆ చోటు పెట్టలేదు.

అంటే ఎక్కువ గంటలు ఆడినదే మంచి బేరమా? చాలాకాలం అలాగే లెక్కవేశాను, గంటకు ఎన్ని రూపాయలు పడిందని. ఆ లెక్క కూడా తప్పేనని 'వెన్బా' నేర్పింది. టొరంటోలోని ఒక చిన్న బృందం 2023లో విడుదల చేసిన ఆట ఇది. 1980లలో కెనడా వెళ్లి స్థిరపడిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి పేరే ఆట పేరు. ఆమె వాళ్లమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం పాతబడి, అక్షరాలు చెరిగి, కాగితాలు చిరిగి ఉంటుంది. మిగిలిన ముక్కల్ని బట్టి వంట మనమే పూర్తిచేయాలి. మొదట ఇడ్లీలు. ఏ రేకు మీద ఏ రేకు ఎలా పేరిస్తే ఆవిరి అన్నిటికీ అందుతుందో ఆలోచించాలి. ఆ పని మా అమ్మ కళ్లు మూసుకుని చేస్తుంది. నేను మౌస్ పట్టుకుని చేస్తుంటే, ముప్ఫై ఏళ్లు పక్కన నిలబడి కూడా ఆమె చేతుల వైపు చూడలేదని తెలిసింది. కొడుకు పెద్దవుతూ తల్లి భాషకు దూరం జరుగుతుంటే, డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు వీడియో కాల్‌లో నానమ్మకు ఇచ్చే ఒక్క మాట జవాబులు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఆట గంటన్నరలో అయిపోయింది. మర్నాడు ఆఫీసులో చెబితే ఒక స్నేహితురాలు, "రెండు గంటలు దాటలేదుగా, రిఫండ్ పెట్టెయ్యవే" అంది. నిజమే. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల లోపు ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. ఆ సాయంత్రం ఆ పేజీ దాకా వెళ్లాను కూడా. నచ్చని వస్తువును వెనక్కివ్వడానికి పెట్టిన నియమం అది. నాకు నచ్చని వస్తువా ఇది? తిన్న భోజనానికి డబ్బు వెనక్కి అడిగినట్టు అనిపించి పేజీ మూసేశాను. రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఇడ్లీ రేకులు ఎలా పేరుస్తావని అడిగాను. "ఒక రేకు గుంట మీద ఇంకో రేకు గుంట పడకూడదమ్మా, ఇడ్లీ పొంగడానికి చోటుండాలి" అంది. గంటకు ఎన్ని రూపాయలన్న లెక్కలో ఆ ఫోను ఎక్కడా పట్టదు. ఆ తర్వాతి ఏడాది ఆ ఆటకు బాఫ్టా తొలి ఆట బహుమతి వచ్చిందని చదివి, సొంత మనిషికి వచ్చినంత సంతోషపడ్డాను.

ఇంకో సంగతి ఉంది. చిట్లిన చీరలో అమ్మ బాగున్న భాగం కత్తిరించి మా అమ్మాయికి పరికిణీ కుట్టించింది. నేను కొన్న ఆటల్ని అలా ఎవరికీ ఇవ్వలేను. 2024 అక్టోబరు నుంచి స్టీమ్‌లో డబ్బు కట్టే చోట ఒక వాక్యం కనిపిస్తోంది. మనం కొంటున్నది ఆటను వాడుకునే లైసెన్సు మాత్రమేనని దాని అర్థం. స్టీమ్ ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయడానికి, వారసత్వంగా రాసివ్వడానికి వీల్లేదు. చీర చిరిగినా పరికిణీ అవుతుంది. ఆడని ఆట నాతోనే పోతుంది. అందులో నాకు మిగిలేది నేను ఆడినంతే, దాన్ని ఆడుతూ ఎవరితో ఏం మాట్లాడుకున్నానో అంతే.

తెరవని 97 ఆటల్లో ఒకటి నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. 'ఇట్ టేక్స్ టూ' ఇద్దరు కలిసి తప్ప ఆడలేని ఆట. దాన్ని రెండేళ్ల కిందట తమ్ముడితో ఆడదామని కొన్నాను. ఒకరు కొంటే చాలు, రెండోవారు డబ్బు కట్టక్కర్లేకుండా కలిసి ఆడొచ్చు. అంటే అడ్డం డబ్బు కాదు. "ఈ వారం కుదరదక్కా", "వచ్చే వారం నాకు కుదరదురా" అనుకుంటూ రెండేళ్లు గడిపేశాం.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా వీధి చివర వీడియో గేముల కొట్టుండేది. అరగంటకు ఐదు రూపాయలు. ఆ ఐదు రూపాయలు జమ చేయడానికి మాకు మూడు రోజులు పట్టేది. వాడూ నేనూ చెరొక రిమోట్ పట్టుకుని 'కాంట్రా' ఆడేవాళ్లం. కొట్టాయన గోడ గడియారం చూసి పలక మీద టైము రాసేవాడు. ఆ అరగంటలో మేము కళ్లార్పడం కూడా మరిచిపోయేవాళ్లం. వాడి ప్రాణాలు అయిపోతే నా వాటిలోంచి ఒకటి తీసుకునేవాడు. అప్పుడు మా దగ్గర ఆట లేదు, అరగంట ఉంది. ఇప్పుడు 163 ఆటలున్నాయి, ఆ అరగంట లేదు.

ఆ రాత్రి కార్టులోని తొమ్మిదీ తీసేసి తమ్ముడికి మెసేజ్ పెట్టాను. మాకు ఆదివారం ఉదయం ఏడున్నర అంటే వాడికి శనివారం రాత్రి తొమ్మిది. ఆ వారం నుంచే మొదలుపెట్టాం. ఆటలో విడిపోబోతున్న భార్యాభర్తలు బొమ్మలైపోతారు. మళ్లీ మనుషులవ్వాలంటే అడుగడుగునా ఒకరికొకరు సాయం కావాలి. ఒక చోట వాడి చేతిలో మేకులు, నా చేతిలో సుత్తి. వాడు గోడకు మేకు విసిరితే నేను దానికి సుత్తి తగిలించి ఊగి అవతలికి దూకాలి. వాడు ఒక్క క్షణం ముందు మేకు వెనక్కి పిలిచినా నేను కింద పడతాను. "అక్కా, ఉండుండు, ఇప్పుడు దూకు!" ఆ గొంతు నలభై దగ్గరపడిన మనిషిది కాదు. వీధి చివర కొట్లో నా పక్కన కూర్చున్న పిల్లాడిది. మధ్యలో వాడి ఉద్యోగం గురించి, అమ్మ మోకాళ్ల గురించి, రెండేళ్లుగా ఫోనులో చెప్పుకోని ఎన్నో విషయాలు చెప్పుకున్నాం. చేతులు ఆటలో ఉంటే మాటలు తేలిగ్గా వస్తాయి.

దసరా నాటికి ఆ ఆట పూర్తయింది. ఇప్పుడు ఏ ఆట చూసినా ఎంత తగ్గిందో తర్వాత చూస్తున్నాను. ముందు ఒక్కటే అడుగుతున్నాను. ఇది ఏ ఆదివారం ఆడతాను? ఎవరితో ఆడతాను? జవాబుంటే కొంటాను, లేకపోతే సేల్ ఎంత పెద్దదైనా కొనను. 'ఇట్ టేక్స్ టూ' చేసిన బృందమే 2025లో తెచ్చిన 'స్ప్లిట్ ఫిక్షన్' కూడా ఇద్దరాడే ఆటే. దాన్ని పూర్తి ధరకు కొన్నాను. కాస్త ఆగితే తగ్గుతుందని నాకు తెలుసు. కానీ ఆదివారం అప్పటికే ఖాయమైపోయింది.

ఆ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి మా అమ్మాయి వేపాకు రంగు పరికిణీ కట్టుకుని ఇల్లంతా తిరిగింది. అమ్మ దాచుకున్న ఇంకో కొత్త పట్టుచీర కట్టుకుంది. సాయంత్రానికి దాని కుచ్చిళ్ల మీద పసుపు మరకలు పడ్డాయి. నేను తుడవబోతే, "ఉండనీవే, కట్టుకున్న చీర కదా" అంది.