ఆకాశ్ మీద పెట్టుకున్న ఆశ

మేడ్చల్ హైవే మీద, షామీర్‌పేట దారిలో కాలేజీ బస్సులు ఎదురైనప్పుడల్లా విద్యార్థుల కోసం ప్రభుత్వం తెచ్చిన ఆకాశ్ టాబ్లెట్ నాకు గుర్తొస్తుంది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ దాన్ని విడుదల చేశారు. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు. ప్రపంచంలోనే అతి చవకైన టాబ్లెట్ అన్నారు. పైగా బిగించింది మన హైదరాబాద్‌లోనే! ఎంత మురిసిపోయామో.

తీరా చూస్తే 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని తెర, ఒక పూట క్లాసులకైనా చాలని బ్యాటరీ. చవకగా ఇవ్వాలనుకోవడం తప్పు కాదు, అది గొప్ప ఆలోచన. నా బాధల్లా పేదింటి పిల్లల గురించే. చేతికొచ్చిన మొదటి కంప్యూటరే మొరాయిస్తే వాళ్లు వస్తువును కాదు, తమనే తప్పుపట్టుకుంటారు.

2012 నవంబరులో మెరుగైన తెరతో, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో ఆకాశ్-2 వచ్చింది. మొదట ఇవ్వాల్సింది అదే. అప్పటికే నమ్మకం సడలింది.

ఇకముందు పిల్లలకు టాబ్లెట్లు పంచాలనుకునే పాలకులకు ఒక్కటే విన్నపం: ముందు ఏదైనా సర్కారు బడిలో నెల రోజులు వాడించి చూడండి. ఆ తర్వాతే వేదిక ఎక్కండి.