మాతృభాష గడి

1997ల తెలుగు విశ్వవిద్యాలయం జర్నలిజం ఫారం నిడమనూరు చాయ్ హోటల్ల కూసొని నింపిన. పేరు, ఊరు సాఫీగ పోయినయ్. 'మాతృభాష' కాడ పెన్ను ఆగింది.

అమ్మీతోని మాట్లాడేది ఉర్దూ. అందుల ఒక్క అక్షరం రాయరాదు. రాసేదంత తెలుగే.

"ఉర్దూ అని రాయి బేటా" అన్నడు అబ్బా.

పక్క బల్లాయన నవ్విండు: "తెలుగు యూనివర్సిటీల మీకేం పని?"

అబ్బా చాయ్ సాసర్ల పోసుకున్నడు, తాగలే.

నాకు షోయబుల్లా ఖాన్ యాదికొచ్చిండు. 'ఇమ్రోజ్' ఎడిటర్. హైదరాబాద్ ఇండియాల కలవాలని రాసినందుకు 1948 ఆగస్టుల రజాకార్లు చంపిన్రు. తురకోడంటే రజాకారే అనేటోళ్లకు ఆ పేరు తెల్వదు. డిగ్రీ దాక నాకూ తెల్వదు. తెలిసినంక చదువుదామంటే ఆయన రాసింది ఉర్దూల.

గడిల 'ఉర్దూ' అని రాసిన, తెలుగు అక్షరాలల్ల.