టన్నుకు మూడు గ్రాముల నిజం

2020 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లా ఒకటి రెండు రోజులపాటు దేశంలోకెల్లా సంపన్నమైన జిల్లాగా వెలిగిపోయింది. అక్కడి కొండల్లో 3,000 టన్నులకు పైగా బంగారం ఉన్నట్టు స్థానిక అధికారుల మాటగా వార్త పుట్టింది. అదే నిజమైతే దేశం దగ్గరున్న అధికారిక పసిడి నిల్వలకు అది దాదాపు ఐదు రెట్లు. చానళ్లు ఆ కొండల చుట్టూ తిరిగాయి. ఇంతలో ఫిబ్రవరి 22న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, అసలు లెక్క చెప్పింది. అక్కడున్నది 52,806 టన్నుల ఖనిజం. అందులో టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారం. వెరసి సుమారు 160 కిలోలు. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం నవ్వుకున్నారు.

నవ్వడంలో తప్పులేదు. కాకపోతే నవ్వాల్సింది ఎలుకను చూసి కాదు. 160 కిలోల లెక్క వెనుక 1998 నుంచి 2000 దాకా రెండు ఫీల్డు సీజన్ల పని ఉంది. ఆ కొండల్లో నడిచి, రాళ్లు కొట్టి, నమూనాలు లాబొరేటరీకి పంపి తేల్చిన సంఖ్య అది. 3,000 టన్నుల వెనుక ఉన్నది నోటిమాట. బంగారం పేరు వినగానే దేశానికి నిధి కావాలి. దాన్ని వెతికేవాడు మాత్రం గ్రాముల్లో మాట్లాడతాడు. ఈ రెండు భాషల మధ్య దూరమే ఎన్నో ఊళ్ల ఆశలనూ, ఎందరో మదుపరుల సొమ్మునూ మింగింది.

టన్నుకు మూడు గ్రాములంటే ఎంత? పది టన్నుల రాయి మోసే లారీ అనుకుంటే, ఆ లోడంతా పిండి చేసి కడిగితే వచ్చేది మూడు తులాలు. అది కూడా రాయిలో కంటికి కనిపించని రేణువులుగా చెల్లాచెదురై ఉంటుంది. కాబట్టి బంగారం కోసం బయల్దేరిన జియాలజిస్టు నిజానికి బంగారం కోసం చూడడు. పక్కనున్న రాయిలా కాకుండా రంగు మారిన, గట్టిదనం తగ్గిన, పొరలు విడిపోయిన రాయి కోసం చూస్తాడు. వైద్యుడు నాడి పట్టినట్టు అతను రాయికి సోకిన మార్పును పట్టుకుంటాడు.

ఆ మార్పు ఎలా వస్తుందో తెలియాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రాయలసీమలోని రామగిరి, కర్ణాటకలోని కోలారు, హట్టి ప్రాంతాల్లో నల్లటి, ఆకుపచ్చటి రాతి పట్టీలు సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట ఇవి సముద్రం అడుగున పొంగిన లావా. నీళ్లలో గబుక్కున చల్లారిన లావా దిండ్లు పేర్చినట్టు గడ్డకట్టిన ఆనవాళ్లు ఇలాంటి రాతి పట్టీల్లో నేటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. తర్వాత భూమి ఒత్తిడికి ఆ రాళ్లు నలిగి, మడతలు పడి, పగుళ్లిచ్చాయి. ఆ పగుళ్ల వెంట లోతుల నుంచి 300 డిగ్రీలకు అటూ ఇటూ వేడితో నీరు పైకెక్కింది. అందులో బొగ్గుపులుసు వాయువు, గంధకం కరిగి ఉన్నాయి. గంధకాన్ని పట్టుకుని బంగారమూ ప్రయాణం చేసింది.

లావా రాయిలో ఇనుము ఎక్కువ. వేడినీటిలోని గంధకం ఆ ఇనుమును చూడగానే దానితో కలిసి పైరైట్‌గా మారిపోయింది. అంతదాకా మోసుకొచ్చిన తోడు చేయి వదిలేసరికి బంగారం అక్కడే దిగబడింది. అంటే బంగారాన్ని ఆపింది రాయిలో ఉన్న ఇనుమే. అగ్నిపర్వత శిలల మీద పసిడి వేటగాళ్లకు అంత గురి ఉండడానికి ఇదొక కారణం.

నీరు పోయినా దాని జాడలు మిగిలాయి. పగులుకు దూరంగా రాయి క్లోరైట్ అనే ఖనిజంతో ఆకుపచ్చగా మారుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ కార్బొనేట్లు పెరుగుతాయి. ఆసిడ్ చుక్క వేస్తే కొన్నిచోట్ల సోడాలా నురగొస్తుంది. మరీ దగ్గర సెరిసైట్ అనే మెత్తటి, తెల్లటి అభ్రకం, దాని మధ్య పైరైట్ గింజలు, నడుమ పలుగురాయి తీగలు. హట్టిలో ఈ పాత్ర నల్లటి అభ్రకానిది. ఎండకూ వానకూ పైరైట్ కుళ్లిపోయి నేల మీద తుప్పు మరక మిగులుతుంది. ఊరివాళ్లు ఏరి తెచ్చి చూపించే తళుకు ముక్క చాలాసార్లు కాకిబంగారమే అవుతుంది. జియాలజిస్టు సంచిలో వేసుకునేది పక్కనున్న తుప్పురాయిని.

రాగి, జింకు, సీసాల కథా దాదాపు ఇదే. 1979లో ఆల్విన్ అనే జలాంతర్గామిలో పసిఫిక్ అడుగుకు దిగిన శాస్త్రవేత్తలకు సముద్రగర్భంలో ఫ్యాక్టరీ గొట్టాల్లా నిలబడి నల్లటి పొగ కక్కుతున్న బుగ్గలు కనిపించాయి. 350 డిగ్రీల పైచిలుకు వేడినీరు అది. చల్లటి సముద్రపు నీరు తగలగానే అందులోని లోహాలు గంధకంతో కలిసి మసిలా రాలిపోతున్నాయి. ఆ బుగ్గల కింద లావా రాయి క్లోరైట్‌గా మారిపోయి ఉంటుంది. చిత్రదుర్గ దగ్గరి ఇంగళధాళ్‌లో ఒకప్పుడు తవ్విన రాగి కూడా ప్రాచీన లావాల్లో దొరికిందే. అలాంటి చోట నేల మీద కనిపించే గుర్తు తేలికైంది. చాలాకాలం తోమని రాగి బిందెకు చిలుము పట్టినట్టు రాయికి పచ్చటి చిలుము పడుతుంది.

ఈ గుర్తులను వరుసలో చదవగలిగితే ఏం సాధించవచ్చో అమెరికా జియాలజిస్టు డేవిడ్ లోవెల్ 1965లో చూపించాడు. అరిజోనాలోని శాన్ మాన్యుయెల్ రాగి గని చుట్టూ మారిన రాయి పొరలు ఉల్లిపాయ పొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి ఉండాలి. కానీ అవి సగమే ఉన్నాయి. మిగతా సగాన్ని భూమిలోని పగులు కోసి పక్కకు జరిపేసిందని లోవెల్ లెక్కగట్టాడు. అతను చెప్పిన చోట డ్రిల్ చేస్తే తప్పిపోయిన సగం దొరికింది. దాని పేరు కలమజూ. ఆ చదువుతోనే అతని బృందం 1981లో చిలీలోని ఎస్కొండిడాను పట్టుకుంది. ప్రపంచంలో రాగిని అత్యధికంగా ఇస్తున్న గనుల్లో అది ముందు వరసలో ఉంటుంది.

నేలను ఇంత శ్రద్ధగా చూసేవాళ్లకు అప్పుడప్పుడు వెతకనివీ దొరుకుతాయి. 1915లో నిజాం రాజ్యంలోని మస్కి ప్రాంతంలో బంగారం కోసం తిరుగుతున్న బీడన్ అనే మైనింగ్ ఇంజనీరు కంట పడింది ఒక శిలాశాసనం. దేవానాంప్రియుడంటే అశోకుడేనని తేల్చిన శాసనం అది. 1929లో కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలను వెలుగులోకి తెచ్చింది కూడా అను ఘోష్ అనే జియాలజిస్టే. దానికి దగ్గర్లోని జొన్నగిరే శాసనాల్లోని సువర్ణగిరి అని కొందరు పండితుల అభిప్రాయం. తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు వెతుక్కునే జనంతో నిండిపోయే జొన్నగిరి అదే.

ఇంతవరకూ వింటే మారిన రాయి దొరికితే చాలు, పంట పండినట్టే అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మారిన రాయి చెప్పేది ఒక్కటే, వేడినీరు ఈ దారిన వెళ్లిందని. ఆ నీరు బంగారం తెచ్చిందని గానీ, తెచ్చినా ఇక్కడే దించిందని గానీ అది చెప్పదు. మారిన రాళ్లు వందల చోట్ల ఉంటాయి. వాటిలో గని అయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతా వాటి మీద పనిచేసిన జియాలజిస్టు చివరికి రాసేది ‘ఇక్కడ లేదు’ అనే నివేదిక. ఏళ్ల తరబడి కష్టపడి ‘లేదు’ అని రాయడానికి గుండెనిబ్బరం కావాలి.

అనంతపురం రైతుకు ఈ బాధ కొత్త కాదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటిజాడ చెప్పేవాడి మాట మీద బోరు వేస్తాడు. ఎండిపోతే పక్కనే ఇంకోటి. రెండో బోరుకు ఇంట్లో ఉన్న కాసింత బంగారం తాకట్టుకు వెళుతుంది. గని కోసం వేసే డ్రిల్లింగూ అలాంటి జూదంలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. ప్రతి రంధ్రం నుంచీ తీసిన రాతి కడ్డీని నిలువునా సగానికి కోసి, ఒక సగాన్ని పుటం పెట్టి పరీక్షిస్తారు, రెండో సగాన్ని దాస్తారు. ఎవరికి అనుమానమొచ్చినా దాచిన సగాన్ని మళ్లీ పరీక్షించుకోవచ్చు. ఈ వృత్తికి గీటురాయి ఆ రెండో సగమే.

దాన్ని వదిలేస్తే ఏమవుతుందో బ్రె-ఎక్స్ వ్యవహారం చెబుతుంది. ఇండొనేషియాలోని బుసాంగ్ అడవుల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద పసిడి నిక్షేపం దొరికిందని 1990ల్లో ఈ కెనడా కంపెనీ ప్రకటించింది. అక్కడివి అగ్నిపర్వత శిలలే, వాటిలో మార్పూ నిజమే. కంపెనీ విలువ 600 కోట్ల కెనడా డాలర్లకు చేరింది. కానీ కడ్డీలను సగం దాచకుండా దాదాపు మొత్తం పిండి చేసేశారు. 1997లో ఇతరులు వేసిన రంధ్రాల్లో బంగారం జాడే లేదు. పాత నమూనాల్లోని రేణువులు అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి. అలా అరగాలంటే నదిలో దొర్లాలి. అంటే ఏటి బంగారాన్ని ఎవరో తెచ్చి రాతిపిండిలో కలిపారు. పింఛను నిధులతో సహా మదుపరుల సొమ్మంతా నీళ్లపాలైంది.

అలాగని లేదన్న ప్రతిసారీ వెనుదిరగడమూ సరికాదు. కోలారులో 1880ల ఆరంభంలో కంపెనీలు డబ్బంతా ఖర్చు చేసి మూటాముల్లె సర్దుకునే దశకు వచ్చాయి. చివరి ప్రయత్నంగా ప్లమ్మర్ అనే మైనింగ్ కెప్టెన్ పూర్వీకులు తవ్వి వదిలిన గుంటల కిందికి దిగితే ఛాంపియన్ తీగ దొరికింది. తర్వాత 120 ఏళ్లలో ఆ గనులిచ్చింది సుమారు 800 టన్నులు. బుసాంగ్‌లోనూ ఇక్కడా ఆశ ఒకటే. అయితే ప్లమ్మర్ నమ్మింది పాత గుంటలను. అంత లోతుకు ఊరికే ఎవరూ తవ్వరన్నది అతని లెక్క. ఆశకు రాతిలో ఆధారం ఉందా లేదా అన్నదే తేడా.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది షేర్లు కొన్నవాళ్లు మాత్రమే కాదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రామగిరి గనీ, కుప్పం వైపున్న చిగురుగుంట, బిసానత్తం గనులూ అదే దారి పట్టాయి. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, టన్నుకు దక్కే గ్రాములు తగ్గాయి. తమిళ, తెలుగు కుటుంబాలు తరాల తరబడి బతికిన కేజీఎఫ్ నుంచి జనం కూలి కోసం తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కడం మొదలైంది. ఊరి నడుమ సయనైడ్‌తో కడిగిన రాతిపిండి గుట్టలు మాత్రం మిగిలాయి. వేసవి గాలికి ఆ ధూళి ఇళ్లలోకి వస్తుంది.

ఇప్పుడు పసిడి ధర ఆకాశంలో ఉంది. నాడు గిట్టుబాటు కాని రాయి నేడు గిట్టుబాటవుతోంది. జొన్నగిరిలో 1990ల్లోనే అన్వేషణ మొదలైనా లీజు రావడానికి 2013 దాకా పట్టింది, గని పనులు ఊపందుకోవడానికి మరో పదేళ్లు. రేపు ఇంకో ఊళ్లోనూ తుప్పురాళ్లు ఏరుకునే జీపు ఆగుతుంది. పొలం గట్టు మీద డ్రిల్లింగ్ యంత్రం నిలబడుతుంది. ఊరంతా చుట్టూ చేరి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఎన్ని టన్నులుంటుంది సార్ అని.

అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎన్ని రంధ్రాలు వేశారు? ఎంత లోతున, టన్నుకు ఎన్ని గ్రాములొచ్చాయి? ఆ నమూనాలను మరో లాబొరేటరీ చూసిందా? కడ్డీలో రెండో సగం ఎక్కడుంది? గని నడిస్తే రాతిపిండిని ఎక్కడ పోస్తారు, గని మూస్తే దాన్ని ఎవరు కప్పుతారు? వీటికి నీళ్లు నమలకుండా జవాబు చెప్పేవాడు లేదని చెప్పినా మేలే చేస్తాడు. పొలం అమ్ముకోవాలా, ఆగాలా అన్నది ఊరు అప్పుడు తెలిసి నిర్ణయించుకుంటుంది.